తొర్రకు దారి

తేనె కోసం ఈగలను పెంచే పెట్టెలో పుట్టిన తేనెటీగ ఒకటి అడవికి పారిపోయి వచ్చింది. పెట్టెలో ఎంత కూడబెట్టినా యజమాని పొగపెట్టి తేనె తీసుకుపోతున్నాడు. అడవిలో అలా కాదు. చెట్టుకో తొర్ర, ఏ తొర్ర తేనె ఆ తొర్రదే. ఎక్కడ పూలు పూసినా కబురు మాత్రం అన్ని తొర్రలకూ అందుతుంది.

అప్పటికే మబ్బు కమ్ముకుంది. "అక్కా, లోపలికి ఎటు రావాలి?" అని తొర్రల బయట కనబడిన అడవి ఈగలను అడిగింది.

"ముందు ఏ తొర్రో ఎంచుకోవాలమ్మా. మా మైనం గట్టిది," అంది మద్దిచెట్టు ఈగ.

"గట్టిదైతే ఏం లాభం, గాలాడదు. మా దగ్గరికి రా," అంది వేపచెట్టు ఈగ.

"అసలు తొర్రంటే ఏమిటో తెలుసుకుని రావాలి గానీ!" అని ఇప్పచెట్టు ఈగ విసుక్కుంది.

మాటామాటా పెరిగింది. కొత్త ఈగ మళ్లీ అడిగింది. ఎవరూ వినలేదు. చినుకులు మొదలయ్యాయి. మైనం మీద వాదన మాత్రం ఆగలేదు.

తెల్లవారి వాన వెలిశాక మద్దిచెట్టు ఈగ అడిగింది: "ఆ పిల్ల మీ తొర్రలో చేరిందా?"

"మీ దగ్గరుందనుకున్నాం," అంది వేపచెట్టు ఈగ.

ఇప్పచెట్టు ఈగ దూరంగా పొలం గట్టు మీద, ఆ పిల్ల వదిలి వచ్చిన పెట్టెకేసి చూస్తోంది. ఆ పెట్టెకు ఉన్నది ఒకటే గుమ్మం, దాన్ని వెతుక్కోనక్కర్లేదు. దాని చుట్టూ అప్పుడే పొగ లేస్తోంది.