మొదటి పాఠం, మొదటి వాక్యం

హోటల్ మెట్లు ఎక్కుతుంటే భాషత్తకి భయం పట్టుకుంది.

అరవై రెండేళ్ళ వయసులో ఒంటరిగా పరాయి దేశం వచ్చినందుకు కాదు. భయమంతా తన పుస్తకం గురించే.

ఒంటరిగా దేశాలు తిరిగేవాళ్ళ కోసం ఆవిడ ఈ దేశపు భాష నేర్పే పుస్తకం రాసింది. తమ్ముడి ప్రెస్సులోనే అచ్చు. ఆరేళ్ళలో ఏడు ముద్రణలు. ఒక పాత నిఘంటువు, రేడియో పాఠాలు, ఇరవయ్యేళ్ళ సొంత తంటాలు, ఇవే ఆవిడకి గురువులు. దేశం మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. మేనల్లుళ్ళు ఆట పట్టించడానికి పెట్టిన పేరు భాషత్త. చివరికి పుస్తకం అట్ట మీద కూడా అదే పడింది.

చదివి వెళ్ళొచ్చినవాళ్ళు కుప్పలుగా ఉత్తరాలు రాసేవారు.

"అక్కడివాళ్ళు మనుషులు కారండీ, దేవుళ్ళు" అని ఒకరు.

"మా ఆఫీసువాళ్ళం పద్దెనిమిది మందిమి వెళ్ళాం. వరసగా నిలబడి, 'నాది ఒంటరి ప్రయాణం, అద్దెకి స్కూటరు కావాలి' అనే మీ మొదటి వాక్యమే అందరమూ అప్పజెప్పాం. స్కూటర్ల కొట్టాయన కొట్టు కట్టేసి రోజంతా మా వెంటే తిరిగాడు" అని మరొకరు.

"మరుసటేడు మళ్ళీ వెళ్తే హోటలావిడ నన్ను చూసి కొయ్యబారిపోయింది. తర్వాత కావలించుకుని భోరుమంది. ఎంత ప్రేమో!" అని ఇంకొకావిడ.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో, కాలేజీలో ఆ భాష చెప్పే లెక్చరరు ఒకాయన పత్రికకెక్కాడు. "ఆ పుస్తకం చదివి వెళ్ళి మంచినీళ్ళు అడిగితే మంచం తెచ్చి వేస్తారు" అని రాశాడు.

భాషత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేనే వెళ్తా. ఒక్క వాక్యం అర్థం కాలేదని ఎవరైనా అన్నారో, పుస్తకం ఆపించేస్తా."

"అక్కా, ఎనిమిదో ముద్రణ మిషనెక్కబోతోంది. ఇప్పుడా పంతం?" తమ్ముడు తల పట్టుకున్నాడు.

"నేను ఫోన్ చేసి సరేనంటేనే మిషను తిప్పు."

మొదటి వాక్యంలో అడిగేది స్కూటరే కాబట్టి, మరదలి స్కూటరు మీద, ప్రెస్సు వెనక సందులో నెల రోజులు నడపడం నేర్చుకుంది. రెండు పూలకుండీలు పగలగొట్టాక, ఇక తనకి వచ్చేసినట్టే అనుకుంది.

ఇప్పుడు హోటల్ కౌంటరు ముందు నిలబడి, గుక్క తిప్పుకోకుండా మొదటి వాక్యం అందుకుంది. 'నాది ఒంటరి ప్రయాణం, అద్దెకి స్కూటరు కావాలి.'

హోటలావిడ పెన్ను కింద పెట్టేసింది. భాషత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కింద గది తాళంచెవి మళ్ళీ కొక్కేనికి తగిలించి, సముద్రం కనబడే పైగది తాళంచెవి తీసింది. పెట్టె తనే మోసింది. మెట్ల మీద గబగబా ఏదేదో చెప్పింది. పుస్తకాల్లో నేర్చిన భాష కదా, నాలుగు మాటల్లో ఒకటి కూడా చెవికి చిక్కలేదు. చిక్కింది ఒక్కటే: 'ధైర్యం'.

ఒంటరిగా వచ్చానని మెచ్చుకుంటోంది కాబోలనుకుని భాషత్త పొంగిపోయింది.

స్కూటర్ల కొట్టులో బట్టతల ఆయన చార్జింగు వైర్లు చుట్టుకుంటున్నాడు. వాక్యం వినగానే వైరు జారవిడిచాడు. చేతిలోని నూనెగుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. అన్నిటికంటే కొత్త బండి బయటికి తీశాడు. చంటిపిల్లకి కట్టినట్టు హెల్మెట్ పట్టీ తనే గడ్డం కింద బిగించాడు. మ్యాపు మీద కొండదారి ఎర్రపెన్సిలుతో గీసి, సూర్యాస్తమయం చూడమని సైగలతో చెప్పాడు. అడ్వాన్సు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.

చప్పుడు చెయ్యని బండి మీద భాషత్త నత్తనడకన బయల్దేరింది. రెండో మలుపులోనే ఎదురు రాకూడని వీధిలోకి ఎదురెళ్ళింది. పోలీసు ఈల వేసి ఆపాడు. గాభరాలో మిగతా పాఠాలన్నీ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది మొదటి వాక్యమే.

పోలీసు టోపీ తీశాడు. వీధికి రెండువైపులా బళ్ళు ఆపేశాడు. ఆవిడని ఎదురుదారిలోనే, తన మోటారుసైకిలు ముందు నడుపుతూ, కొండ మొదలు దాకా దిగబెట్టాడు.

కొండ మీద నుంచి భాషత్త తమ్ముడికి ఫోన్ చేసింది.

"తిప్పరా మిషను! పదివేల కాపీలు కొట్టు. నేను ఒక్క వాక్యం అంటే ఈ ఊరు ఊరంతా కరిగిపోతోంది. ఆ లెక్చరరుకి ఒక కాపీ ఊరికే పంపించు."

అవతల మిషను మొదలైన చప్పుడు వినేదాకా ఫోన్ పెట్టలేదు.

పొద్దువాలాక బండి తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది. కొట్టాయన కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు.

"అమ్మా... బాగున్నారా?"

అచ్చ తెలుగు! భాషత్త కుర్చీలోంచి లేచిపోయింది. "మీకు మా భాష వచ్చా?"

"మూడేళ్ళ నుంచి ఫోన్లో నేర్చుకుంటున్నాను. మీ వాళ్ళు చాలామంది వస్తారు కదా. అలాంటప్పుడు సొంత భాషలో రెండు మంచి మాటలు వింటే మనసుకి హాయి."

భాషత్తకి కళ్ళు చెమర్చాయి. తన పుస్తకం చలవ! ఆ లెక్చరరు ఇక్కడుంటే బాగుండేది.

కొట్టాయన ఒకడుగు దగ్గరికి వచ్చాడు.

"వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట చెప్తారు. పొద్దున మీరూ అదే చెప్పారు. అడగకూడదేమో, కానీ..."

"అడగండి, పరవాలేదు."

ఆయన గొంతు బాగా తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ దేశంలో అందరూ చనిపోయే ముందు మా ఊరికే వచ్చి స్కూటరు ఎందుకు నడుపుతారమ్మా?"