కోసిన తీగ

పై గదిలోంచి మైదానానికి మాటలు చేరవేసే తీగను ఎవరో కత్తితో కోసేశారు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. విరామం అయిపోయింది. రెండో సగం మొదలు కాబోతోంది. హెడ్‌సెట్ చెవికి పెట్టుకున్న హెడ్ కోచ్ వెండెల్ ప్రాక్‌కి చిన్న గరగర కూడా వినిపించలేదు. అసిస్టెంట్ రస్టీ పైకి పరిగెత్తుకెళ్ళి ఆ కబురు తెచ్చాడు.

"తెగిందా? కోశారా?"

"కోశారు కోచ్. శుభ్రంగా, వెన్న కోసినట్టు."

వెండెల్ మైదానం అవతలి వైపు చూశాడు. గార్నెట్ కాలేజీ కోచ్ ఓరిన్ టేట్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఈ ఆట గెలిస్తే వెండెల్ ఉద్యోగం ఉంటుంది. ఓడితే సోమవారం ఆఫీసు గది ఖాళీ చేయాలి. కాలేజీ ప్రెసిడెంటు ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో అది తెలియనివాడు లేడు. పొద్దున కాఫీ కొట్టులో దాల్చినచెక్క రొట్టె చుట్టిస్తూ కొట్టామె కూడా అడిగేసింది, "ఇల్లు అమ్మకానికి పెడితే ముందు నాకు చెప్పు వెండెల్," అని.

మొదటి సగంలో ముందున్నది తామే. అలాంటప్పుడు తీగ కోస్తే లాభం ఎవరికి?

వెండెల్ గడ్డి తొక్కుకుంటూ అవతలికి నడిచాడు.

"మీవాళ్ళ పనేనా టేట్?"

"ఏ పని?"

"మా తీగ."

టేట్ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తన హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టాడు. వెనక ఉన్నవాళ్ళనీ తీయమని సైగ చేశాడు.

"రూలు ప్రకారం ఒకరిది మూగబోతే రెండోవాళ్ళూ తీసేయాలి. తీసేశాం. ఇక ఇద్దరం గొంతు చించుకుందాం."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు," అన్నాడు టేట్.

వెండెల్ తిరిగి వచ్చేసరికి పై గదిలోంచి లోవెల్ బర్డ్‌సాంగ్ దిగి వచ్చాడు. వేసవి చివర్లో ఎక్కడినుంచో వచ్చి, జీతం లేకుండా పని చేస్తానన్న ముసలి సహాయకుడు. ఏ ఊరని అడిగితే "పడమటి వైపు" అనేవాడు. పైన కూర్చుని, జేబు కత్తితో ఆపిల్ చెక్కు తీసుకుంటూ, అవతలివాళ్ళు ఎలా నిలబడుతున్నారో చూసి కిందికి చెప్పడం అతని పని.

"పైన ఉన్నది నువ్వేగా పెద్దాయనా. ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు కోచ్."

"మరి దెయ్యం కోసిందా?"

లోవెల్ టోపీ సర్దుకున్నాడు.

"మొదటి సగమంతా వాళ్ళ కుడి మూల కుర్రాడు లోపలికి జరిగి నిలబడ్డాడు. బంతి బయటివైపు నుంచి తీసుకెళ్ళమనండి."

మాట మార్చాడని వెండెల్‌కి ఒళ్ళు మండింది. అయినా చెప్పినట్టే చేశాడు. కుర్రాళ్ళు బంతి చంకన పెట్టుకుని గీత దాటారు. కానీ గార్నెట్ వాళ్ళూ దాటారు, మళ్ళీ దాటారు. చివరికి గడియారంలో ఆట సమయం అయిపోయే ముందు వాళ్ళు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్యనుంచి వెళ్ళిపోయింది.

అంతే. ఓడిపోయారు.

ఆట ముగియగానే కోచ్‌లిద్దరూ మైదానం మధ్యలో చేయి కలపాలి. టేట్ చేయి చాచాడు. వెండెల్ ఆ చేతిని చూసి, పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. స్టేడియం అంతా చూసింది.

తిన్నగా పై గదికి వెళ్ళాడు. కోసిన తీగ కొస చేతిలోకి తీసుకున్నాడు.

వేళ్ళకి జిగటగా తగిలింది. వాసన చూశాడు.

ఆపిల్.

కొసకి ఎర్రటి చెక్కు ముక్క ఒకటి అంటుకుని ఉంది.

వెండెల్ కిటికీలోంచి కిందికి చూశాడు. గార్నెట్ బస్సు పక్కన లోవెల్ నిలబడి ఉన్నాడు. టేట్ అతని భుజం మీద చేయి వేసి ఏదో అని బస్సెక్కాడు. బస్సు కదిలింది.

మెట్లు ఎలా దిగాడో వెండెల్‌కి తెలియలేదు. బయట ఆట చూడొచ్చిన జనం తాము వండి తెచ్చుకున్న మిరప బీన్స్ గిన్నెలు సర్దుకుంటున్నారు. వెండెల్‌ని చూసి దారి ఇచ్చారు.

"ఎంతకి అమ్ముడుపోయావు?"

లోవెల్ తన పాత పికప్ ట్రక్కు తలుపు తీస్తూ ఆగాడు. వెండెల్ వదల్లేదు.

"నా పిల్లలు ఈ ఊరి బళ్ళో చదువుతున్నారు. వాళ్ళని ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పి మరీ వెళ్ళు. ఆ టోపీ అక్కడ పెట్టు. అది మా కాలేజీది."

లోవెల్ టోపీ తీసి, దుమ్ము దులిపి, వెండెల్ చేతికిచ్చాడు. తర్వాత మెల్లగా మాట్లాడాడు.

"కోసింది నేనే కోచ్. విరామానికి మీరంతా లోపలికి వెళ్ళాక నా చెవిలో టేట్ గొంతు వచ్చింది. మన తీగా వాళ్ళ తీగా ఎక్కడో కలిసిపోయాయి. రెండో సగంలో ఏం చేయబోతున్నారో తన వాళ్ళకి చెబుతున్నాడు. రెండు మాటలు విని హెడ్‌సెట్ తీసేశాను. మీరొచ్చి పెట్టుకుంటే మీకూ వినబడేది. రిఫరీకి చెబితే, మొదటి సగం కూడా అలాగే గెలిచారనేవాళ్ళు. మన పిల్లల కష్టం బూడిదయ్యేది. మీరు టేట్‌ని అనుమానించారని ఆట అయ్యాక తెలిసింది. ఇప్పుడే వెళ్ళి అంతా చెప్పాను. మీ మీద కోపం లేదన్నాడు. తీగ కోయకముందు మీకే చెబుదామని మెట్లదాకా వచ్చాను. కానీ పొద్దున మీరన్నారు చూడండి, వాళ్ళ ఎత్తు ఒక్కటి ముందే తెలిస్తే మీ పికప్ రాసిచ్చేస్తానని. అందరం నవ్వాం. మీ కళ్ళు మాత్రం నవ్వలేదు. నేను చెప్పి ఉంటే మీరు హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టేవారే, నాకు నమ్మకం ఉంది. అయినా ఉద్యోగం ఊగుతున్న పూట మనిషిని అలాంటి చోట నిలబెట్టకూడదు కోచ్. అందుకే వెనక్కి వెళ్ళి కత్తి తీశాను."