మామ అడిగిన ట్యాంకు

“ఇది గూడ కాదు” అన్నాడు రాజలింగం, జిరాక్సు కాగితాన్ని దాదాపు ముక్కుకు ఆనించుకుని.

కమలాకర్‌కు ఏడుపొక్కటే తక్కువ. యూనివర్సిటీలో ఎం.టెక్. ప్రాజెక్టు పక్కన పడేసి, మేనమామకు అట్టముక్కలతో బుల్లి యుద్ధట్యాంకు చేసిస్తానని నోరు జారాడు. బొమ్మలు చేయడం అతనికి చిన్నప్పటినుంచీ సరదా. ఇప్పుడా సరదా బాగానే తీరుతోంది.

“మన మిలిటరీల ఉన్న ట్యాంకులన్నీ చూపెట్టిన మామా. నువ్వు పనిచేసిన దాని పేరు చెప్తే అయిపాయె గదా!”

“పేరెందుకురా. చూస్తే గుర్తుపడ్త.”

రాజలింగం భార్య బాలలక్ష్మి వంటింట్లోంచి వచ్చి అల్లుడి పక్కన నిలబడింది. “జర ఓపిక పట్టు బిడ్డా. షుగరు కండ్లల్లకు దిగింది. దసరా దాంక చూపు ఆగితే గొప్ప అన్నడు డాక్టరు. డెబ్బై ఒకటి యుద్ధం ముచ్చట ఇన్నేండ్లల్ల నాకు గూడ చెప్పలే. చూపు పోకముందు గా ట్యాంకు చూడాల్నట.”

ఆ మాట విన్నాక కాదనడానికి నోరెలా వస్తుంది? మర్నాడు మళ్ళీ యూనివర్సిటీ లైబ్రరీ, మళ్ళీ దుమ్ము. ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. రిఫరెన్సు పుస్తకం కదా, బయటికి ఇవ్వరు. ఐడీ కార్డు కుదువపెట్టి, బతిమాలి, జిరాక్సు షాపుదాకా తీసుకుపోవాలి.

“థీసిస్ ఎప్పుడు రాస్తవయ్యా?” అన్నాడు కౌంటర్లో క్లర్కు.

“ఈ యుద్ధం అయిపోనీ సార్” అన్నాడు కమలాకర్ నీరసంగా.

ఆఖరికి మన సైన్యం వాడిన పాత ట్యాంకు ఇంకొకటి దొరికింది. షాపువాడు పుస్తకాన్ని తెరిచినట్టే మిషన్ మీద బోర్లించాడు. ఎదురు పేజీ కూడా అదే కాగితం మీద పడింది. రెండోసారి తీయమనే ఓపిక కమలాకర్‌కు లేదు. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తార్నాకలో దిగాడు.

“ఇదే ఆఖరు మామా. ఇదీ కాదంటే నాతోని కాదు.”

రాజలింగం కాగితం అందుకున్నాడు. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. కమలాకర్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంతలో మామ చూపు కాగితం రెండో సగం మీదికి జరిగింది. వేలు అక్కడే ఆగిపోయింది.

“గిదే.”

“అది కాదు మామా, ఈ పక్కది చూడు. అది పాకిస్తానోళ్ళది. పక్క పేజీ కలిసొచ్చింది.”

“తెల్సు.”

“మరి నువ్వు నడిపింది?”

“నేను నడపలే. మా ట్యాంకుల గన్ను నాది. దీన్ని కాల్చింది నేనే.”

బాలలక్ష్మి చేతిలో చాయ్ కప్పు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళు విసుక్కున్నందుకు కమలాకర్‌కు సిగ్గేసింది.

“చేస్త మామా. ఎంత సైజుల చెయ్యాలె?”

“ఎంతైతేంది.” రాజలింగం బొమ్మలో ట్యాంకు నెత్తిన ఉన్న గుండ్రటి మూతను వేలితో తడిమాడు. “గీ మూత మాత్రం తెరుచుకునేటట్టు చెయ్యి అల్లుడా. ఆనాడు మేం దగ్గరికి ఉరికినం. లోపలోళ్ళు గుద్దుతనే ఉన్నరు... తెరుచుకోలే.”