ఆ పచ్చ మనిషి ఎవరు?

“సినిమా పర్వాలేదు. కానీ మొదటినుంచి చివరిదాకా తిరుగుతున్న ఆ పచ్చ మనిషి ఎవరండీ?”

ఫోనులో ఈ ఒక్క అభిప్రాయం చదివేసరికి కత్తెర పైప్రాణాలు పైనే పోయాయి. ఎడిటరు కాబట్టి అందరూ అతన్ని కత్తెర అనే పిలుస్తారు. ఇప్పుడు ఆ కత్తెరే అడకత్తెరలో పడింది.

గబగబా సినిమా పెట్టి చూశాడు. కథ ప్రకారం ఒక సైంటిస్టు తాను కాచిన మందు తానే తాగి మాయమైపోతాడు. అక్కణ్ణుంచి కప్పులు గాల్లో లేవాలి, తలుపులు వాటంతటవే తెరుచుకోవాలి, జనం నవ్వాలి. షూటింగులో ఆ పనులన్నీ చేయడానికి నెత్తి నుంచి కాలిగోటి దాకా ఆకుపచ్చ తొడుగు వేసుకున్న మనిషి ఒకడుంటాడు. తర్వాత కంప్యూటరులో ఆ పచ్చనంతా చెరిపేస్తారు. కత్తెర నెల రోజులు కూర్చుని ఒళ్లు హూనం చేసుకుని మరీ చెరిపాడు. తీరా చూస్తే ఆ మనిషి తెరమీద పచ్చగా, చల్లగా, నిక్షేపంగా ఉన్నాడు!

ఫైళ్లు వెతికాడు. ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’, ‘ఒట్టు, ఇదే ఫైనల్’. మూడోది పంపబోయి మొదటిది పంపాడు.

సినిమా ఇంటర్నెట్‌లో విడుదలై పది రోజులైంది. చూసింది పదకొండు మంది. కనిపించని మనిషి సినిమా ఎవరికీ కనిపించకుండా పోబట్టి ఇన్నాళ్లూ బతికిపోయాడు. అప్పటిదాకా వచ్చిన అభిప్రాయాలన్నీ ‘ఇంకా చూడలేదు గానీ బాగోలేదు’ బాపతే.

“ఒరేయ్ కత్తెరా!” పక్కగదిలోంచి మావయ్య కేక.

మావయ్యే ఆ సినిమా డైరెక్టరు. విడుదలకు ముందురోజు కళ్ల ఆపరేషనైంది. రెండు కళ్లకూ కట్టు. రోజూ అభిప్రాయాలు చదివి వినిపించే పని మేనల్లుడిదే.

“పొద్దున్నుంచీ నీ ఫోను ఒకటే టింగుటింగుమంటోంది. ఏమంటున్నార్రా జనం?”

కత్తెర ఫోను వంక చూశాడు. ‘పచ్చ మనిషిని చూసి పొట్ట పగిలేలా నవ్వాం’ అని ఉంది.

“ఆఁ... ‘పచ్చని చెట్లు చూసి పరవశించాం’ అంటున్నారు మావయ్యా.”

“మన సినిమా అంతా నాలుగు గోడల మధ్యేగా! చెట్లెక్కణ్ణుంచి వచ్చాయి?”

“కిటికీలోంచి కనిపించాయేమో.”

“కట్టు నా కళ్లకేరా, బుర్రకు కాదు. ఇంకోటి చదువు.”

‘ఎదురుగా నిలబడ్డా వాణ్ణి ఎవరూ చూడనట్టే నటిస్తున్నారు. మా ఆఫీసులో నా బతుకూ ఇంతే’ అని ఉంది.

“‘అందరూ నటించారు’ అంటున్నారు.”

“అదేం పొగడ్తరా? ఇంకోటి!”

‘కూర్చునే ముందు కుర్చీని అరచేత్తో రెండుసార్లు దులుపుతాడు. కనిపించని మనిషికి అంత శుభ్రం దేనికండీ!’

“‘చాలా శుభ్రమైన సినిమా’ అంటున్నారు.”

పచ్చ మనిషి పుణ్యమా అని కత్తెర నోట అన్నీ పచ్చి అబద్ధాలే.

“మూడింటికి కట్టు విప్పుతారు. నాలుగింటికి ఇంటికొచ్చి నా సినిమా నేనే చూసుకుంటా. ఒక్క తప్పు కనబడిందా...”

మిగతాది కత్తెరకు తెలుసు. ఒక్క ఫ్రేములో మైకు తోక కనిపించిందని ఇదివరకటి ఎడిటరును మావయ్య ఆరోజే మెట్లు దింపేశాడు, మళ్లీ ఎక్కనివ్వలేదు. అది తోక. ఇది రెండు గంటల నిలువెత్తు మనిషి! కత్తెరకు దొరికిన తొలి సినిమా ఇదే. ఇదే ఆఖరిదీ అయ్యేట్టుంది.

అత్తయ్య మావయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లగానే అసలు ఫైలు ఎక్కించడం మొదలుపెట్టాడు. నాలుగు గంటలు పడుతుందంది కంప్యూటరు. గడియారం అప్పటికే పన్నెండు దాటింది. ఎవరో ఒకరు ఇంకొకరికి చెప్పినట్టున్నారు, చూసేవాళ్లు వందలయ్యారు, వేలయ్యారు. ఫోను టింగుమన్నప్పుడల్లా గుండె ఠంగుమంటోంది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నాడు. చొక్కా పిండితే బకెట్టు నిండేట్టుంది.

తొంభై శాతం. తొంభై అయిదు. గేటు కిర్రుమంది. తొంభై ఎనిమిది. మెట్లమీద చెప్పుల చప్పుడు. తొంభై తొమ్మిది దగ్గర ఆగి, కత్తెర ఊపిరి కూడా ఆపేసి, అప్పుడు తీరిగ్గా నూరైంది.

నల్లకళ్లద్దాలతో మావయ్య లోపలికొచ్చాడు. సోఫాను అరచేత్తో రెండుసార్లు దులిపి కూర్చున్నాడు.

“పెట్టరా.”

కప్పు దానంతటదే లేచింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎక్కడా పచ్చ మరక లేదు. కత్తెరకు పోయిన ప్రాణం మెల్లగా వెనక్కి తిరిగొచ్చింది. ధైర్యం చేసి మావయ్య మొహంలోకి చూశాడు. మావయ్య నవ్వడం లేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

“వాడేడిరా?”

“ఎవరు మావయ్యా?”

“పచ్చ మనిషి! కట్టు విప్పాల్సిన డాక్టరమ్మ కత్తెర పక్కనపెట్టి వాడి గురించి చెప్పి ఒకటే నవ్వు. ఆ సినిమా నాదేనంటే నర్సులు అభిప్రాయాలన్నీ చదివి వినిపించారు. అంత బాగా చేసినవాడు ఈమధ్య లేడట! ఏడి వాడు?”

దాచి లాభం లేదని కత్తెరకు అర్థమైపోయింది.

“పొరపాటున వేరే ఫైలు వెళ్లింది మావయ్యా. ఇందాకే సరిచేశాను. అయినా మొహమైనా కనిపించని మనిషి... ఎవడో కూలికొచ్చినవాడే కదా!”

మావయ్య నల్లకళ్లద్దాలు తీశాడు. పదకొండు రోజుల తర్వాత తెరుచుకున్న ఆ కళ్లనిండా నీళ్లున్నాయి.

“కూలికొచ్చినవాడు ఉక్కకు తాళలేక రెండోరోజే పారిపోయాడురా. మిగతా నలభై రోజులూ ఆ తొడుగులో ఉన్నది నేనే!”