మడత మీద కోత

"వంకర ఈ గిటారుదే, నా కుట్టుది కాదు" అంది సీతమ్మ, చేతిలో ఉన్న గలీబును బల్ల మీద పడేసి.

మనవరాలి కొత్త గిటారుకి గుడ్డ గలీబు కుట్టడం ఇది రెండోసారి. ఒక పక్క బిగిసిపోతోంది, రెండో పక్క వేలాడుతోంది. ఆడలేక మద్దెల ఓడు అంటారని ఆవిడకు తెలుసు. అయినా ఈసారి మద్దెలే ఓటిదని గట్టి నమ్మకం.

అసలు ఫ్రిస్కోలో కూతురి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కుట్టిందేదీ నప్పడం లేదు. ఈ శనివారం సాన్వి స్టేజి మీద గిటారు వాయిస్తుందని ముచ్చటపడి పట్టు జాకెట్టు కుట్టింది. సరిపోలేదంటే విప్పి మళ్లీ కుట్టింది. ఆ పిల్ల తొడుక్కోవడం, అద్దంలో చూసుకోవడం, మాట్లాడకుండా విప్పేయడం. కొలతలు తీసుకోనివ్వదు. కొలతకి ఆది జాకెట్టు ఇవ్వమంటే ఓ వదులు టీషర్టు పడేసింది. టెక్సాస్ ఎండల్లో కూడా ఆ హుడీ వదలదు. అమ్మమ్మ కుట్టింది వేసుకోవడం నామోషీ కాబోలని సీతమ్మ లోలోపల కుమిలిపోయింది. కళ్లు లాగుతున్నాయి, మెడ పట్టేసింది, మనసు అంతకంటే అలిసిపోయింది.

"షాపువాడు చిన్నపిల్లవని నీకు అంటగట్టాడే సాన్వీ. రజినీ, దీన్ని వాపసు ఇచ్చేయండి. తిన్నగా ఉన్నది తెచ్చుకోమను."

ల్యాప్‌టాప్ ముందున్న రజిని మీటింగ్ మ్యూట్ చేసి తలెత్తింది. "అమ్మా, వంకర అనకు. ప్లీజ్."

"ఉన్నమాటే అన్నానుగా!"

సాన్వి గిటారును ఒళ్లోకి లాక్కుంది. "డిఫెక్ట్ కాదు అమ్మమ్మా. ఇది ఆఫ్‌సెట్."

"అంటే? కొమ్ములు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ, అందుకా?"

"నో, కొమ్ములు చాలా గిటార్స్‌కి అలానే ఉంటాయి. నడుం చూడు. మామూలు గిటార్‌కి రెండు సైడ్స్ ఒంపులు ఎదురెదురుగా ఉంటాయి. దీనికి ఒకటి పైన, ఒకటి కింద. కావాలనే అలా డిజైన్ చేశారు. కూర్చుని ప్లే చేస్తే ఒళ్లో చక్కగా సెట్ అవుద్ది."

సీతమ్మ రెండు చూపుడువేళ్లూ గిటారు ఒంపుల్లో పెట్టి చూసింది. నిజమే, ఒక వేలు పైన ఉంది, ఒకటి కింద.

"ఆ ముక్క ముందే చెప్పవేమే! గుడ్డ మడత పెట్టి, సగానికి గీసి కత్తిరించాను. ఇన్నేళ్లుగా జాకెట్లన్నీ అలాగే కోశాను మరి. ఒక సగం సరిపోతే రెండోదీ సరిపోతుందనుకున్నా."

ఈసారి గుడ్డను పూర్తిగా విప్పి పరిచింది. గిటారును దాని మీద పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీసింది. నడుం పట్టేసినా వదల్లేదు. మిషను మీంచి తీసిన గలీబు గిటారుకి అతికినట్టు సరిపోయింది.

"పాపం, దీన్ని ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్నాను" అని సీతమ్మ నవ్వింది. ఆవిడ నవ్వి చాలా రోజులైంది.

సాన్వి నవ్వలేదు. తల్లి వైపు చూసింది. రజిని ల్యాప్‌టాప్ మూసేసి, కళ్లు తుడుచుకుని, చెప్పమన్నట్టు తలూపింది.

పిల్ల హుడీ విప్పింది. అమ్మమ్మ చేతులు రెండూ పట్టుకుని, బనీను మీద నుంచే తన నడుం ఒంపుల్లో పెట్టుకుంది. సీతమ్మ చెయ్యి ఒకటి పైన ఆగింది, ఒకటి కింద.

"నా జాకెట్ కూడా మడత పెట్టకుండా కుట్టు అమ్మమ్మా."