వీపు వెనక ఆట

"మెల్లగా లాగు!" సూర్యకిరణ్ అరిచాడు.

"అరవకండి, అందరూ చూస్తున్నారు," అంది సత్యదుర్గ, వాచిన అతని పాదం నుంచి స్కేటింగు బూటు ఊడదీస్తూ.

కువైట్‌లోని ఆ ఐస్ రింకులో శుక్రవారం హాకీ ఆటకు అది విరామం. సత్యదుర్గ గోల్‌కీపరు. ఆమె ముందు డిఫెన్సులో ఆడేది భర్త. ఇందాక ఎదుటి జట్టువాడు కొట్టిన, బంతి బదులు వాడే రబ్బరు బిళ్లకు అతను కాలు అడ్డం పెట్టాడు.

"బూట్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ గార్డులేవండి?"

"కార్లో ఉన్నాయి. తొడుక్కుంటే కాళ్లు బరువెక్కిపోతాయి."

"అసలు కాలడ్డం పెట్టమని మిమ్మల్నెవరు అడిగారు?"

"పెట్టకపోతే గోల్ అయ్యేది. పోయిన వారం మూడు వదిలేసేవు, గుర్తుందా?"

ఆమె బూటును నేలకేసి కొట్టింది. "ఆ మూడూ మీ కాళ్ల సందులోంచి వచ్చినవేనండీ! నా ఎదురుగా గోడలా నిలబడితే బిళ్ల నాకెలా కనపడుద్ది? నాకు ఒళ్లంతా ప్యాడ్లున్నాయి. మీకేం ఉన్నాయని?"

"నీకు దెబ్బ తగలకూడదని..."

"కాదు. నేను ఆపలేనని."

అతను వాచిన పాదాన్ని బెంచీ మీదికి ఎత్తిపెట్టుకున్నాడు.

"యల్లా! పదండి, పదండి!" అని కెప్టెన్ కేకేశాడు. ఆమె హెల్మెట్ ముసుగు దించుకుని వెళ్లిపోయింది. సూర్యకిరణ్ బెంచీ మీదే ఉండిపోయాడు.

ఆట మళ్లీ మొదలైన రెండో నిమిషంలోనే అవతలివాడు బలంగా కొట్టాడు. ఆమె ముందు ఎవరూ లేరు. సత్యదుర్గ చివరిదాకా కదలకుండా చూసి, చెయ్యి చాపి బిళ్లను గాల్లోనే పట్టేసింది.

రెండేళ్లుగా ఒకే జట్టులో ఆడుతున్నా, అతనెప్పుడూ ఆమెకు వీపు పెట్టే నిలబడ్డాడు. ఆమె ఆటను అతను చూడటం ఇదే మొదటిసారి.