పని చేతకాని పిల్ల

ఫోన్ మోగేటప్పటికి టైలరమ్మ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి.

అవి తీసి దిండుకు గుచ్చి ఫోన్ ఎత్తింది.

"అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. ఇంకో పది నిమిషాల్లో మీ కార్డు ఆగిపోతుంది."

ఆడపిల్ల గొంతు. చిన్న వయసే.

ఆ కార్డు మీదే బడి యూనిఫారాలకు గుడ్డ తేవాలి. మూడు వందల జతలు. బడి తెరిచేలోపు ఇవ్వలేకపోతే ఆ పని పక్క వీధి దుకాణానికి పోతుంది. ఆ తరువాత ఈ దుకాణానికీ తాళమే.

"అయ్యయ్యో! ఆగకుండా ఏం చేయాలమ్మా?"

"మీ ఫోన్‌కి ఇప్పుడే ఒక మెసేజ్ వచ్చింది. అందులో ఆరంకెలుంటాయి. అవి నాకు చెప్పాలి."

టైలరమ్మ చెప్పబోయింది. మొదటి అంకె నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆగండమ్మా. కళ్ళజోడు పెట్టుకున్నారా?"

"లేదు."

"పెట్టుకోండి. మెసేజ్ మొత్తం చదవండి. పైకి చదవండి. తొందరేం లేదు."

పది నిమిషాల్లో కొంప మునుగుతుందన్న మనిషే తొందరేం లేదంటోంది. టైలరమ్మ ఆ కంగారులో అది గమనించలేదు. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ అంకెలు ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వారు ఎప్పుడూ అడగరు." చదివి ఆగింది. "అదేంటి, అడగరట కదా!"

"అవునమ్మా, అడగరు. నేను అడుగుతున్నాను."

దుకాణంలో సాయంగా ఉండి కాజాలు కుట్టే పిన్ని తలెత్తి చూసింది.

"ఇంకో మాటమ్మా. కార్డు వెనక బ్యాంకు నంబరుంటుంది చూడండి. దానికి మాత్రం ఫోన్ చేయకండి. చేస్తే వాళ్ళు నిజం చెప్పేస్తారు."

అప్పటికి వెలిగింది టైలరమ్మకి. వెలగడమేమిటి, భగ్గుమంది.

"ఓసి నీ మొహం మండ! నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నావా? సిగ్గు లేదూ? నీ వయసు పిల్లలు ఒళ్ళు వంచి బతకడం లేదూ? నిన్ను కాదు, నిన్ను కన్నవాళ్ళననాలి! అంకెలు కావాలా? రా, నీ వీపు మీద వేసి పంపిస్తాను!"

టైలరమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అవతలి పిల్ల "మంచిదమ్మా" అని పెట్టేసింది.

టైలరమ్మ వెంటనే కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేసింది. బ్యాంకువాళ్ళు తామెవరికీ ఫోన్ చేయలేదన్నారు. ఆ కార్డు ఆపేసి కొత్తది పంపిస్తామన్నారు. పైసా పోలేదు.

ఇక చూడాలి టైలరమ్మ జోరు! కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ నిలబెట్టి, భుజానికి టేపు పెట్టి మరీ చెప్పింది. "నాతోనా పెట్టుకునేది!" సాయంత్రానికి ఆ ఒక్క పిల్లా నలుగురు దొంగలైంది.

మర్నాడు మళ్ళీ ఫోన్. ఈసారి మగ గొంతు. తేనె పూసినట్టుంది.

"అమ్మా, నిన్న మా అమ్మాయి మీకు ఫోన్ చేసిందట. సరిగ్గా మాట్లాడిందా?"

"ఓహో, నువ్వేనా ఆ ముఠాకి పెద్ద?"

"పెట్టెయ్యవే తల్లీ," అంది పిన్ని. "దొంగవెధవతో మాటలేంటి?"

టైలరమ్మ పెట్టేసే రకమా? పనిలో తప్పుంటే పనివాళ్ళతో కాదు, యజమానితో చెప్పాలని ముప్పై ఏళ్ళుగా తన దుకాణానికి వచ్చేవాళ్ళకు చెబుతున్న మనిషి. ఇవాళ యజమానే దొరికాడు.

"ఏమయ్యా, మోసం చేయడం కూడా చేతకాని పిల్లను పెట్టుకున్నావే! నేను అంకెలు చెప్పబోతుంటే తనే ఆపింది. కళ్ళజోడు పెట్టుకోమంది. మెసేజ్ చదవమంది. కార్డు వెనక నంబరుందని కూడా తనే చూపించింది. ముందు దానికి పని నేర్పు, ఆ తరువాత నా జోలికి వద్దువుగాని!"

"మంచి మాట చెప్పారమ్మా," అని పెట్టేశాడు.

"నోరు మూయించానా లేదా పిన్నీ!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

నెల తిరిగింది. కొత్త కార్డు వచ్చింది, గుడ్డ వచ్చింది, యూనిఫారాలు బడికి వెళ్ళిపోయాయి. ఒక మధ్యాహ్నం పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ కాగితాల కట్టతో దుకాణంలోకి వచ్చింది. ఆ ముఠా పట్టుబడిందట. వాళ్ళు ఎవరెవరికి ఫోన్ చేశారో అందరినీ కలుస్తోందట.

"మీకేమైనా పోయిందా అమ్మా?"

"నాకా? పైసా పోలేదు. ఆ పిల్లకి పని చేతనైతే కదా!"

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం తిప్పి చూసింది. "మీకు ఫోన్ చేసింది ఆ అమ్మాయా! రెండు వందల పైచిలుకు మందికి చేసింది. ఒక్కరికీ ఏమీ పోలేదు."

"అదే నేనూ చెబుతున్నది. ఒట్టి మొద్దు."

"మొద్దు కాదండీ. ఉద్యోగమని పిలిచి, పాతికమందిని గదిలో పెట్టి బయట తాళం వేశారు. ఫోన్లు చేయకపోతే దెబ్బలు. మిగతావాళ్ళు ఆ ముఠా చెప్పినట్టు చేశారు, ఆ అమ్మాయి మాత్రం కావాలనే ఇలా చేసింది. ఆ వెధవలు కూడా మొదట్లో మొద్దనే అనుకున్నారట. ఎవరో ఒకావిడ ముఠా పెద్దకి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పిందట. దాంతో ఆ అమ్మాయి దొరికిపోయింది."

టైలరమ్మ మిషను పట్టుకుని నిలబడింది.

"ఆ ఒకావిడను నేనే," అంది. "నా నోరు పడిపోను! నేనే చెప్పాను."

పిన్ని సూది పక్కన పెట్టేసింది.

"ఇప్పుడెక్కడుందమ్మా ఆ పిల్ల?"

"మేము తాళం పగలగొట్టేసరికి అక్కడ లేదు. దొరికిపోయిన రోజే ఎక్కడికో తీసుకుపోయారట. వెతుకుతున్నాం."

"కొట్టారా?"

"అందరి ముందూ కొట్టారట. ఇంకోసారి ఇలా చేస్తావా అని అడిగారట."

"ఏమందట?"

"'ఫోన్ ఇటివ్వండి, ఇప్పుడే చేస్తాను' అందట."